తుపాకీ లెక్కలు



పేపర్లో "జిల్లాలో నేరాలు తగ్గాయి" అని కనిపిస్తే, పొయ్యి మీద పాలు చూసుకుంటూ "పోనీలే" అనుకుంటాం కదూ! ఎందుకు తగ్గాయో కాస్త చూద్దాం. 2016 అక్టోబరులో మన నిజామాబాదు జిల్లా నుంచి కామారెడ్డి విడిపోయింది. అంతకు ముందరి లెక్క పక్కన తర్వాతి లెక్క పెడితే నేరాలు తగ్గినట్టే ఉంటుంది మరి. పెద్దకొడుకు వేరు కాపురం పెడితే ఇంట్లో బియ్యం ఖర్చు తగ్గుతుంది. అది మన పొదుపని చెప్పుకుంటామా?

ఇక తుపాకుల సంగతి. జాతీయ నేర రికార్డుల బ్యూరో వేసే పుస్తకంలో తుపాకీతో హత్యకు గురైన వాళ్ళ పట్టిక ఉంటుంది, లైసెన్సు ఉన్నది, లేనిది అని విడదీసి. ఒకప్పుడు చెరకు బండ్లు వరసకట్టిన బోధన్ రోడ్డు మీద ఎవడో నాటు తుపాకీ చూపించి మీ మెళ్ళో గొలుసు లాక్కున్నాడనుకోండి. ప్రాణం పోలేదు గనుక ఆ పట్టికలోకి మీరు ఎక్కరు.

"మరి ఆయుధాల చట్టం కేసుల్లో ఉంటుందిగా" అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు! ఒకే ఎఫ్.ఐ.ఆర్.లో నాలుగు సెక్షన్లు రాసినా, అన్నిటికన్నా పెద్ద శిక్ష ఉన్న నేరాన్నే లెక్కలోకి తీసుకుంటారు. మీది దోపిడీ కింద ఒక అంకె అవుతుంది, అంతే. పైగా 1959 నాటి ఆ చట్టం కిందికి తుపాకులే కాదు, కొన్ని రకాల కత్తులూ వస్తాయి. పోలీసులు గట్టిగా సోదాలు చేసిన ఏడు ఆ కేసులు పెరుగుతాయి, ఊరుకున్న ఏడు తగ్గుతాయి. పెరిగితే భయపడాలో సంతోషించాలో మీరే చెప్పండి.

అసలు ఠాణా దాకా వెళ్ళని గొలుసు ఏ పుస్తకంలోనూ లేదు. గొలుసు మాట అటుంచండి, ఒంటి మీద పడ్డ దెబ్బలే బయటికి రావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ళు ఇంటింటికీ వచ్చి అడిగితే, హింసకు గురైన ఆడవాళ్ళలో నూటికి 14 మందే ఎవరినైనా సాయం అడిగామన్నారు. ఆ అడిగిందీ ఎక్కువగా పుట్టింటి వాళ్ళనే.

వెళ్ళినవాళ్ళకి ఒక మాట. ఫిర్యాదు ఇచ్చినామెకు ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అడిగి తీసుకోండి. సంతకం పెట్టే ముందే రాసింది అక్కడే చదువుకోండి. "గొలుసు పోయినది" అని రాశారా, "తుపాకీ చూపి లాక్కున్నారు" అని రాశారా చూడండి. మొదటిది రాసి ఉంటే, సంతకం పెట్టకముందే సరిచేయమనండి.