చలిదేశాలకు దోమ ఎలా చేరుతోంది?



ఆరో తరగతి సైన్స్ పీరియడ్‌లో ఒక పాప లేచి అడిగింది: "సార్, మా బాబాయి వాళ్లు కెనడాలో ఉంటారు. అక్కడంతా మంచు కదా, దోమలుండవంట. మరి మనం కూడా ఇల్లంతా ఏసీ పెట్టేసుకుంటే దోమలు పోతాయా?" క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం అది నవ్వాల్సిన ప్రశ్న అనిపించలేదు. ఆ రోజు పది నిమిషాల్లో చెప్పలేకపోయిన జవాబే ఈ నెల వ్యాసం. పిల్లలతో కలిసి చదవండి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మంచుదేశాల్లో దోమలుండవన్నది నిజం కాదు. కెనడా, అలాస్కా, సైబీరియాల్లో వేసవిలో మంచు కరిగి నేలంతా చిన్నచిన్న నీటిమడుగులైపోతుంది. ఆ కొన్ని వారాల్లో అక్కడ లేచే దోమల దండు ముందు మన మూసీ ఒడ్డు దోమలు తక్కువే అనిపిస్తాయి. రెయిన్‌డీర్ మందలు వాటి బాధ పడలేక మేత మానుకుని గాలి బాగా వీచే మిట్టలకు పరుగెత్తుతాయి. కాకపోతే ఆ దోమలు అక్కడి చలికి తరతరాలుగా అలవాటుపడ్డవి. అవి కుడతాయి, దురద పెడతాయి, ఏడిపిస్తాయి, కానీ డెంగీని మోసుకుతిరిగే జాతులు కావు. ఇప్పుడు ఆందోళన ఎందుకంటే, మనలాంటి వెచ్చని దేశాల జబ్బులను మోసే దోమలు ఉత్తరానికి జరుగుతున్నాయి, కొండలెక్కుతున్నాయి.

నిజంగా దోమల్లేని దేశం ఒకటుండేది. అది ఐస్‌లాండ్. అంటార్కిటికా తర్వాత దోమ లేని చోటుగా దానికే పేరు. 2025 అక్టోబర్‌లో ఆ పేరు పోయింది. రాజధాని రేక్యవిక్‌కు ఉత్తరాన ఉన్న కియోస్ ప్రాంతంలో ఒక కీటకప్రియుడు చిమ్మటలను ఆకర్షించడానికి వైన్‌లో, పంచదారలో నానబెట్టిన తాళ్లను తోటలో వేలాడదీశాడు. చిమ్మటలతో పాటు మూడు దోమలు కూడా దొరికాయి. రెండు ఆడవి, ఒకటి మగది. అక్కడి ప్రకృతి విజ్ఞాన సంస్థ వాటిని పరీక్షించి 'కులిసేటా అన్యులేటా' అని తేల్చింది. చలిని బాగా తట్టుకునే జాతి ఇది. చలికాలమంతా నేలమాళిగల్లో, పశువుల కొట్టాల్లో దాక్కుని గడిపేస్తుంది.

ఇక్కడ తొందరపడి "చూశారా, భూమి వేడెక్కింది, దోమ వచ్చేసింది" అనకూడదు. ఆ మూడు దోమలు ఓడలోనో, కంటైనర్‌లోనో వచ్చి ఉండొచ్చని అక్కడి శాస్త్రవేత్తలే అన్నారు. అదే సంవత్సరం మే నెలలో ఐస్‌లాండ్ రికార్డు స్థాయి ఎండలు చూసిన మాట కూడా నిజమే. దోమను తెచ్చేది మనిషి ప్రయాణం. అది అక్కడ నిలదొక్కుకుంటుందా లేదా తేల్చేది వాతావరణం. ఈ రెండిటినీ విడివిడిగా చూస్తే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

అయిదు డిగ్రీల్లో ఏముంది?

దోమ శీతల రక్త జీవి. దాని ఒంటి వేడి దానికంటూ ఉండదు, చుట్టూ గాలి ఎంత వెచ్చగా ఉంటే అదీ అంతే. గాలి చల్లబడితే గుడ్డు పొదగడం, లార్వా ఎదగడం, రక్తం అరగడం అన్నీ నెమ్మదిస్తాయి. అసలు సంగతి దోమ లోపల జరిగే పనిలో ఉంది.

మలేరియా ఉన్న మనిషిని కుట్టిన దోమ మరుక్షణమే ఇంకొకరికి మలేరియా అంటించలేదు. రక్తంతో పాటు లోపలికి వెళ్లిన పరాన్నజీవి దోమ కడుపులో పెరిగి, గోడను దాటి, లాలాజల గ్రంథుల దాకా చేరాలి. అప్పుడే ఆ దోమ ప్రమాదకరం. ప్రమాదకరమైన ఫాల్సిపేరమ్ రకానికి ఈ ప్రయాణం 30 డిగ్రీల దగ్గర సుమారు 8 రోజులు, 25 డిగ్రీల దగ్గర సుమారు 12 రోజులు పడుతుంది. అదే 20 డిగ్రీల దగ్గర దాదాపు 4 వారాలు. 16 డిగ్రీల దగ్గర ఆ పని ఆగిపోయినట్టే. ఇంతకీ ఆడదోమ బయట బతికేది ఎన్నాళ్లు? చాలావరకు రెండు మూడు వారాలు. అంటే 20 డిగ్రీల ఊళ్లో పరాన్నజీవి సిద్ధమయ్యేలోపే దోమ ఆయుష్షు తీరిపోతుంది. 25 డిగ్రీల ఊళ్లో దోమ గెలుస్తుంది, మనిషి ఓడిపోతాడు. కాబట్టి అయిదు డిగ్రీలు పెరిగితే జబ్బు కొంచెం పెరగడం కాదు, అసలు లేని చోట మొదలవుతుంది.

దోమ కడుపులో ఈ పరాన్నజీవిని మొదటిసారి చూసింది ఎక్కడో కాదు. 1897 ఆగస్టు 20న సర్ రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్ పక్కనే, బేగంపేటలో చూశారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు పిల్లలకు చెప్పడానికి ఇది మంచి కబురు.

కొండలెక్కుతున్న జ్వరం

ఇథియోపియా, కొలంబియా ఎత్తైన ప్రాంతాల్లో ఏళ్ల తరబడి లెక్కలు తీసిన పరిశోధకులు 2014లో ఒక విషయం చూపించారు. వెచ్చగా గడిచిన ఏడాదిలో మలేరియా కేసులు కొండ మీదకు జరుగుతున్నాయి, చల్లని ఏడాదిలో మళ్లీ దిగుతున్నాయి. నేపాల్ మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ. అక్కడ డెంగీ మొదట నమోదైంది 2004లో. 2022లో ఒక్క ఏడాదే 54 వేలకు పైగా కేసులు వచ్చాయి. ఎక్కువ భాగం సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్న కాఠ్మండు లోయలోనే. అయితే అక్కడ కూడా నేరమంతా ఎండదే కాదు. నల్లా నీళ్లు రోజూ రాక ఇంటింటా డ్రమ్ములు నింపి పెట్టుకోవడం, మైదానాల నుంచి రోజూ వచ్చే బస్సులు, అడ్డూఅదుపూ లేకుండా పెరిగిన ఊరు, ఇవన్నీ తలా ఒక చెయ్యి వేశాయి.

చలి ఒక్కటే మనకు కవచం కాదనడానికి మన మన్యమే సాక్ష్యం. లంబసింగి చలి చూడటానికి డిసెంబర్‌లో కార్లు బారులు తీరతాయి. ఆ చుట్టుపక్కల పాడేరు ఏజెన్సీలోనే వాన మొదలైన దగ్గర్నుంచి మలేరియా గిరిజనుల్ని పీడిస్తూ వచ్చింది. ఇంగ్లండ్‌లో కూడా ఒకప్పుడు కెంట్, ఎసెక్స్ చిత్తడి నేలల పల్లెల్లో మలేరియా ఉండేది. ఆ రోజుల్లో అక్కడ ఇప్పటికంటే చలి ఎక్కువే. చిత్తడి నేలల్లో నీరు తోడి ఆరబెట్టడం, ఇళ్లు, పశుపోషణ పద్ధతులు మారడం, మందులు అందుబాటులోకి రావడం వల్ల అది పోయింది. కాబట్టి వేడి తలుపు తీస్తుంది, లోపలికి రానిచ్చేదీ ఆపేదీ ఊరి శుభ్రత, ఆసుపత్రి, ఇల్లు.

పాత టైర్లలో వచ్చిన పులి

నల్లటి ఒంటి మీద తెల్లచారలుండే ఆసియా పులి దోమ సొంతూరు మన ఆసియా ఖండమే. మన తోటల్లోనూ ఉంటుంది. యూరప్‌లో దీన్ని మొదట 1979లో అల్బేనియాలో చూశారు. 1990లో ఇటలీలో కనిపించింది. ఓడల్లో దిగుమతైన వాడేసిన టైర్లలో దాని గుడ్లు వచ్చాయి. 2004లో ఫ్రాన్స్ దక్షిణపు అంచున స్థిరపడి, అక్కడి నుంచి ఉత్తరానికి పాకింది. మనం అదృష్టమని ఇంట్లో పెట్టుకునే 'లక్కీ బాంబూ' మొక్కల నీళ్లలో కూడా ఇది దేశాలు దాటింది. మీ హాల్లో ఆ మొక్క ఉంటే ఇప్పుడే ఒకసారి నీళ్లు చూసి రండి.

వేడిదేశపు దోమకు యూరప్ చలికాలం ఎలా గడుస్తుంది? దీని తెలివి చూడండి. శరదృతువులో పగటి పొద్దు కురచబడటాన్ని తల్లిదోమ పసిగడుతుంది. అప్పటి నుంచి అది పెట్టే గుడ్లు వేరు. లోపల పిల్ల తయారై కూడా పొదగకుండా నిద్రపోతుంది. తల్లి చచ్చిపోయినా గుడ్లు గడ్డకట్టే చలిని తట్టుకుని, వసంతంలో నీళ్లు తగలగానే లేస్తాయి. చలికాలం మరీ తీవ్రమైతే ఆ గుడ్లు కూడా చస్తాయి. ఇప్పుడు చలికాలాలు మెత్తబడుతున్నాయి కాబట్టి బతికే గుడ్లు పెరుగుతున్నాయి. వేసవి కూడా ముందే మొదలై ఆలస్యంగా ముగుస్తోంది.

దోమ ఉన్నంత మాత్రాన జబ్బు రాదు, వైరస్ కూడా రావాలి. 2006లో గున్యా మన ఊళ్లను ఎలా మంచాన పడేసిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కీళ్ల నొప్పులతో నెలల తరబడి మెట్లెక్కలేకపోయిన పెద్దవాళ్లు ప్రతి వీధిలో ఉండేవారు. మరుసటి ఏడాది, 2007 వేసవిలో, కేరళ నుంచి వెళ్లిన ఒక ప్రయాణికుడితో అదే వైరస్ ఇటలీలోని ఒక చిన్న పల్లెకు చేరింది. పులి దోమ అప్పటికే అక్కడ సిద్ధంగా ఉంది. 200 మందికి పైగా జబ్బుపడ్డారు. 2023లో పారిస్ శివార్లలో, విదేశాలకు వెళ్లని వారికి డెంగీ వచ్చింది. 2025లో ఫ్రాన్స్‌లో స్థానికంగా సోకిన గున్యా కేసులే 700 దాటాయి.

మీ అబ్బాయో అమ్మాయో విదేశాల్లో ఉంటే, మనవల్ని చూడ్డానికి మీ అమ్మానాన్నలు వెళ్తుంటే ఇది వాళ్లకూ చెప్పండి. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డల్లాస్‌లోనే 2012లో దోమలు మోసే వెస్ట్ నైల్ జ్వరం పెద్ద ఎత్తున వచ్చింది. "అమెరికాలో దోమలేంటి" అని సాయంత్రం వాకింగ్‌కు పొట్టి చేతుల చొక్కాతో వెళ్లేది ముఖ్యంగా పెద్దవాళ్లే. ఈ జ్వరం తీవ్రమయ్యే ప్రమాదం ఎక్కువగా ఉండేదీ వాళ్లకే. ఇంకో సంగతి కూడా ఉంది. ఇక్కడ జ్వరం తగిలి అక్కడ విమానం దిగినవాళ్లు డాక్టర్‌తో "నేను ఇండియా నుంచి వచ్చాను" అని ముందే చెప్పాలి. అప్పుడే సరైన పరీక్ష త్వరగా చేస్తారు, చుట్టుపక్కల దోమల మందు కొట్టాలో లేదో కూడా తేలుతుంది.

మరి మన సంగతి?

ఎండ పెరిగితే దోమలు అంతూపొంతూ లేకుండా పెరుగుతాయా? లేదు. డెంగీ వ్యాప్తికి బాగా అనువైనది 29 డిగ్రీల చుట్టుపక్కల వేడి. మే నెల 42 డిగ్రీల్లో దోమ కూడా మనలాగే విలవిల్లాడుతుంది, తొందరగా చస్తుంది. అందుకే మన దగ్గర డెంగీ నడివేసవిలో కాక, వాన పడి గాలి చల్లబడ్డాక, అంటే ఆగస్టు నుంచి నవంబర్ దాకా విజృంభిస్తుంది. భూమి వేడెక్కడం వల్ల మనకు మే నెలలో డెంగీ పెరక్కపోవచ్చు, కానీ డిసెంబర్, జనవరి రాత్రులు వెచ్చబడితే దోమకు మనం ఇన్నాళ్లూ ఇచ్చిన చలికాలపు సెలవు రద్దవుతుంది.

ఆ పాప ఏసీ ప్రశ్నకు జవాబు కూడా ఇదే. 24 డిగ్రీల గది దోమకు హాయిగానే ఉంటుంది. ఏసీ గదిలో కుట్టడం తగ్గేది తలుపులు, కిటికీలు మూసి ఉంచడం వల్ల. పైగా ఏసీ పైపు కింద పెట్టిన బకెట్ నీళ్లలోనే దోమ గుడ్లు పెడుతుంది!

డెంగీ దోమ పగలు కుడుతుంది. అంటే మీ పిల్లలు మా దగ్గర ఉండే సమయంలో. అందుకే వానాకాలం నుంచి చలికాలం సగం దాకా పూర్తి చేతుల యూనిఫాం, పొడవు సాక్స్ అడుగుతున్నాం. దీన్ని డ్రెస్ కోడ్ చాదస్తం అనుకోకండి. మా వంతుగా క్యాంపస్‌లో సంపులు, కూలర్లు, కుండీల పళ్లేలు వారానికోసారి ఖాళీ చేయిస్తున్నాం. వారానికోసారే ఎందుకంటే గుడ్డు నుంచి దోమ ఎగరడానికి మన వాతావరణంలో 7 నుంచి 10 రోజులు పడుతుంది. ఇంట్లో మీరు చేసేటప్పుడు నీళ్లు పారబోసి ఊరుకోకండి. గుడ్లు నీళ్లలో కాదు, నీటిమట్టానికి కాస్త పైన పాత్ర గోడకు అతుక్కుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. పీచుతో గట్టిగా రుద్ది కడగాలి.

జ్వరమొస్తే స్కూల్‌కు పంపకండి, అటెండెన్స్ గురించి ఆలోచించకండి. డెంగీ కాదని తేలేవరకు ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేయొద్దు. పారాసెటమాల్ మాత్రం బరువును బట్టి డాక్టర్ చెప్పిన మోతాదులో ఇవ్వండి. జ్వరం తగ్గగానే ఊపిరి పీల్చుకుంటాం కానీ డెంగీలో అసలు జాగ్రత్త పడాల్సింది అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం, పిల్లవాడు మరీ మత్తుగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా ప్లేట్‌లెట్ రిపోర్ట్ కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈ నెల 6, 7 తరగతుల వారికి ప్రాజెక్ట్ ఇదే. నాలుగు శుక్రవారాలు, రోజుకు పది నిమిషాలు, ఇంట్లో నీరు నిలిచే చోట్లన్నీ వెతికి లార్వా కనిపించిందో లేదో నోట్‌బుక్‌లో రాయాలి. ఫ్రిజ్ వెనక ట్రే, డాబా మీది కొబ్బరిచిప్ప, మూత సరిగా లేని ట్యాంక్, తులసికోట పళ్లెం, ఏదీ వదలొద్దు. టార్చ్ పట్టుకుని మీరూ వాళ్లతో వెళ్లండి. ఎక్కువ చోట్ల దొరికాయని మొహమాటపడి పేజీ చింపేయకండి. మార్కులు వెతికినందుకే. మా స్టాఫ్ రూమ్ కూలర్‌లో మొదటి వారమే దొరికాయి, అది కూడా నోటీస్ బోర్డులో పెట్టాం.