తొట్టె కడిగిన ఆదివారం

అక్వేరియం కొన్న కొత్తలో ఆదివారం వస్తే చాలు, చొక్కా చేతులు పైకి మడిచేవాణ్ని. చేపల్ని బకెట్లోకి మార్చి, రాళ్లను అంట్లు తోమినట్టు తోమి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లబడేదాకా పిండి, నిండా కొత్తనీళ్లు పోసేవాణ్ని. హాల్లో తొట్టె తళతళలాడిపోయేది. బుధవారానికల్లా ఒక గోల్డ్‌ఫిష్ వెల్లకిలా తేలేది. మూడోసారి చేప కొనడానికి వెళ్తే షాపతను ఆరా తీశాడు. నా శుభ్రత గురించి కాస్త గొప్పగానే చెప్పుకున్నాను. "కడిగేస్తున్నారు కాబట్టే పోతున్నాయి సార్" అన్నాడు.

చేప వదిలే అమ్మోనియాలో చాలాభాగం మొప్పల్లోంచే నీళ్లలో కలుస్తుంది. తినగా మిగిలిన మేత కుళ్లి ఇంకాస్త పోగవుతుంది. నలభై లీటర్ల తొట్టెలో అది ఎక్కడికి పోతుంది? దాన్నే తిని బతికే బ్యాక్టీరియా ఉంది. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేస్తుంది. మొదటి రెండూ విషాలే. నైట్రైట్ ఎక్కితే చేప రక్తం ఆక్సిజన్‌ను మోయలేక గోధుమరంగుకి తిరుగుతుంది. నైట్రేట్ మాత్రం కాస్త పేరుకున్నా చేప ఓర్చుకుంటుంది. ఈ రెండంచెల పనికి రెండు రకాల బ్యాక్టీరియా కావాలనే వందేళ్లకు పైగా అనుకున్నారు. నైట్రోస్పైరా అనే బ్యాక్టీరియాల్లో కొన్ని ఒంటిచేత్తో మొత్తం కానిచ్చేస్తాయని 2015లో తేలింది. వాటిలో కొన్ని దొరికింది కూడా చేపల పెంపకం నీటిని వడగట్టే ఫిల్టర్‌లోనే!

ఇవి ఎక్కువగా స్పాంజికీ రాళ్లకీ జిడ్డులా అంటుకుని ఉంటాయి. కొత్త తొట్టెలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను వారం వారం క్లోరిన్ నీళ్లతో కడిగిపారేసింది వాటినే.

ఆరోజు చేప కొనలేదు, అమ్మోనియా టెస్ట్ కిట్ కొన్నాను. గాజు గొట్టంలో తొట్టె నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, ఐదు నిమిషాలు ఆగాలి. పసుపుగా ఉంటే క్షేమం. నాది పచ్చిమిరపకాయ రంగుకి తిరిగింది. పైకి చూస్తే ఆ నీళ్లు తాగబుద్ధయ్యేంత తేటగా ఉన్నాయి మరి.

పీహెచ్ పెరిగేకొద్దీ, నీళ్లు వేడెక్కేకొద్దీ అమ్మోనియా విషం ముదురుతుంది. పీహెచ్ 8 దాటిన బోరు నీళ్లకి మే నెల ఎండ తోడైతే ఇక చెప్పేదేముంది. భీమవరం వైపు చేపల రైతులకి ఇవన్నీ రోజువారీ లెక్కలే. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆక్సిజన్ పడిపోయిందని ఏరేటర్ వేస్తారు. చీకట్లో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కదా. కరెంటు బిల్లుకి జడిసి రాత్రిళ్లు ఇంట్లో తొట్టె గాలిపంపు ఆపేసేవాళ్లకి ఈ సంగతి తెలియాలి.

ఇప్పుడు వారానికోసారి పావు వంతు నీళ్లే మారుస్తున్నాను. ముందురోజే బకెట్లో పట్టి ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. క్లోరమైన్ కలిపే చోట మాత్రం అలా పోదు, యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాల్సిందే. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే. పిల్లల్ని దీనికి ఒప్పించడమే అన్నిటికన్నా కష్టం. స్పాంజిని నెలకోసారి, తోడిన పాత నీళ్లలోనే రెండుసార్లు నొక్కి మళ్లీ పెట్టేస్తాను. బకెట్లో నీళ్లు డికాషన్‌లా నల్లబడతాయి. మా ఆవిడ వాటిని పారబోయనివ్వదు. నైట్రేట్ మొక్కకి ఎరువు కదా. డాబా మీది కరివేపాకు కుండీ దాకా ఆ బకెట్ మోసే పని నాది.