మీటింగ్ లింకు పంపితే సరిపోదు

మెదడు క్యాన్సర్ చికిత్సలో ఆన్‌లైన్ ట్యూమర్ బోర్డులు... వాటి వెనక ఇంజినీర్లకున్న పని

‘హెల్త్‌కేర్ ఐటీ అంటే ఆస్పత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేరేగా?’ ప్లేస్‌మెంట్ల సీజన్‌లో ఎవరిని కదిపినా ఇదే మాట. కాదు. ఒక్క ఉదాహరణ చెబుతా, కాస్త ఓపిగ్గా చదవండి.

గ్లయోబ్లాస్టోమా అనే కణితి ఉంది. పెద్దవాళ్లలో మెదడులోనే పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేదీ, మహా మొండిదీ ఇదే. శ్రీకాకుళం జిల్లాలో ఒకాయనకి ఇది వచ్చిందనుకుందాం. దగ్గర్లోని పట్నంలో ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత సాధారణంగా మూడు నుంచి ఆరు వారాల్లో రేడియేషన్ మొదలవ్వాలి. ఈలోగా తేలాల్సినవి బోలెడు. కణితి ఎంత మిగిలింది? అది కచ్చితంగా ఏ రకం? రేడియేషన్‌తో పాటు ఇచ్చే టెమొజోలమైడ్ మందును ఆయన తట్టుకోగలడా? వీటన్నిటికీ జవాబు ఒక్క డాక్టర్ దగ్గర ఉండదు. న్యూరోసర్జన్, రేడియేషన్ డాక్టర్, కీమో డాక్టర్, స్కాన్ చదివే రేడియాలజిస్టు, ముక్క పరీక్ష చేసే పెథాలజిస్టు కలిసి కూర్చోవాలి. అలా కూర్చోవడాన్నే ట్యూమర్ బోర్డు అంటారు. బ్రిటన్‌లో 1995 నాటి కాల్మన్-హైన్ నివేదిక తర్వాత ఈ పద్ధతి గట్టిపడింది. మెదడు కణితుల కోసం ఇలాంటి బృందాలు ఎలా పనిచేయాలో 2006లో అక్కడి నైస్ సంస్థ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

మన దగ్గర చిక్కేంటంటే, మెదడు స్కాన్లు చదవడంలోనే చేయి తిరిగినవాళ్లు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉంటారు. విశాఖలో రైలెక్కితే ముంబై చేరడానికి ఒక రోజు పడుతుంది. మొన్ననే తల ఆపరేషన్ అయిన మనిషిని అంత దూరం ఎలా తిప్పుతారు? అందుకే మనిషి బదులు కేసును పంపుతున్నారు. టాటా మెమోరియల్ సెంటర్ సమన్వయంతో 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లో ఇప్పుడు 300కు పైగా సంస్థలున్నాయి. ఆన్‌లైన్ ట్యూమర్ బోర్డులు దాని పనుల్లో ఒకటి.

వీడియో కాల్ మనకి నీళ్లు తాగినంత తేలిక. అసలు తంటా కాల్‌కి ముందే ఉంది.

మెదడు ఎంఆర్ఐ అంటే ఒక్క బొమ్మ కాదు. రకరకాల సీక్వెన్సులు, వందల పొరలు. రోగి చేతిలో ఉండేది మాత్రం ఫిల్ములు, మహా అయితే ఒక సీడీ. ఫిల్మును కిటికీ వెలుతురుకి పట్టుకుని ఫొటో తీసి వాట్సాప్ చేసేవాళ్లూ ఉన్నారు. ఆ ఫొటోలో పొరలు జరపలేరు, కాంట్రాస్టు మార్చలేరు, సరిగ్గా కొలవలేరు. స్క్రీన్ షేర్‌ని కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. వీడియో యాప్‌లు బ్యాండ్‌విడ్త్ కోసం బొమ్మను కుదిస్తాయి. అప్పుడు చిన్న చిన్న బూడిద రంగు తేడాలు చెరిగిపోతాయి. మెదడు స్కాన్‌లో చూడాల్సింది సరిగ్గా అవే! అందుకే అసలు ఫైళ్లు ముందుగానే అవతలి ఆస్పత్రికి చేరాలి. స్కాన్ ఫైళ్లకు ప్రపంచమంతా వాడే ప్రమాణం పేరు డైకామ్. వాటిని దాచి, అడిగినప్పుడు తీసిచ్చే సర్వర్ వ్యవస్థ ప్యాక్స్.

ఇప్పుడు మన శ్రీకాకుళం ఆయన దగ్గరికే వద్దాం. రేడియేషన్ పూర్తయింది. రెండు నెలలకి మళ్లీ స్కాన్ తీస్తే కణితి పెరిగినట్టు కనిపించింది. ఇంట్లోవాళ్ల గుండె జారిపోతుంది. కానీ చికిత్స ముగిసిన మొదటి మూడు నెలల్లో ఇలా కనిపించేదంతా పెరుగుదల కాకపోవచ్చు. రేడియేషన్ ప్రభావానికి ఆ చోట వాపు వచ్చి, కాంట్రాస్టు మందు ఎక్కువగా పీల్చుకుని అచ్చం కణితిలాగే వెలుగుతుంది. డాక్టర్లు దీన్ని సూడోప్రోగ్రెషన్ అంటారు. నిజంగా పెరిగిందనుకుని పొరబడితే, పనిచేస్తున్న మందునే ఆపేసే ప్రమాదం. ఇది వాపేలే అనుకుని పొరబడితే, విలువైన వారాలు చేజారతాయి. తేల్చాలంటే ఆపరేషన్ అయిన రెండు మూడు రోజుల్లోపు తీసిన ఎంఆర్ఐ, రేడియేషన్ ముగిసిన తేదీ, ఏ భాగానికి ఎంత డోసు ఇచ్చారన్న ప్లాను, వాపు తగ్గించే స్టెరాయిడ్ డోసు... ఇవన్నీ ఒకేసారి కళ్ల ముందుండాలి. వీటిలో ఒక్కటి లేకపోయినా ‘వచ్చే మీటింగ్‌లో చూద్దాం’ అనాల్సి రావచ్చు. తొందరగా పెరిగే కణితికి ఒక వారం చిన్న విషయం కాదు.

ముక్క పరీక్షదీ ఇదే కథ. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం, మైక్రోస్కోపు కింద కనిపించేది ఒక్కటే చాలదు. ఐడీహెచ్ లాంటి జన్యు మార్పులు చూశాకే కణితికి పేరు ఖాయం. ఆ రిపోర్టు ఎక్కడో ల్యాబ్ పోర్టల్‌లో పీడీఎఫ్‌గా పడి ఉంటే బోర్డుకి ఏం లాభం?

ప్రైవసీ ఇంకో తలనొప్పి. ఫైలు హెడర్‌లో పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. పరిశోధనకు ఇచ్చేటప్పుడు అవి తీసేస్తే చాలనుకుంటాం. కానీ తల స్కాన్‌ను 3డీలో కడితే మనిషి ముఖం బయటపడుతుంది! అందుకే ముఖం భాగాన్ని చెరిపేసే ‘డీఫేసింగ్’ అనే పని ఉంది. చికిత్సకి పంపేటప్పుడు దీనికి పూర్తిగా రివర్స్. వివరాలు పోతే ఒకరి స్కాన్ ఇంకొకరి కేసులో కలిసిపోతుంది. ఎప్పుడు దాచాలో, ఎప్పుడు ఉంచాలో తెలిసిన ఇంజినీర్ కావాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని ఒకసారి చదవండి, అంత పెద్దదేం కాదు.

ఇక ఉద్యోగాలు. జాబ్ పోర్టళ్లలో ‘క్యాన్సర్’ అని వెతికితే ఇవి దొరకవు. ప్యాక్స్ అడ్మినిస్ట్రేటర్, ఇమేజింగ్ ఇన్ఫర్మాటిక్స్, హెల్త్‌కేర్ ఇంటిగ్రేషన్ ఇంజినీర్ అని వెతకండి. కేసులు సిద్ధం చేసే ట్యూమర్ బోర్డ్ కోఆర్డినేటర్ పనికి లైఫ్ సైన్సెస్, ఫార్మ్-డి వాళ్లూ ప్రయత్నించవచ్చు. ఆస్పత్రుల మధ్య రికార్డులు మార్చుకునే ప్రమాణం పేరు ఫైర్. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కూడా దీన్నే వాడుతోంది. డెవలపర్ల కోసం వాళ్ల శాండ్‌బాక్స్ ఉంది, చూడండి.

ఏఐతో కణితి గుర్తించే ప్రాజెక్టు దాదాపు ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు. నా మటుకు నేను దానికన్నా ఇది మేలంటాను. ఆర్థాంక్ అనే ఉచిత డైకామ్ సర్వర్‌ని ల్యాప్‌టాప్‌లో పెట్టండి. దానికి ఓహెచ్ఐఎఫ్ వ్యూయర్ కలపండి. పైడైకామ్ లైబ్రరీతో హెడర్లు చదవడం నేర్చుకోండి. ది క్యాన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్‌లో ‘బ్రెయిన్ ట్యూమర్ ప్రోగ్రెషన్’ అని ఒక సేకరణ ఉంది. 20 మంది గ్లయోబ్లాస్టోమా రోగులవి, ఒక్కొక్కరికి రెండు తేదీల స్కాన్లు. తల స్కాన్లున్న కొన్ని సేకరణలకు ముందుగా ఒప్పంద పత్రం అడుగుతారు, పైన చెప్పిన ముఖం సంగతి వల్లే. ఆ రెండు తేదీల స్కాన్లనూ పక్కపక్కన పెట్టి, ఒకటి జరిపితే రెండోది కూడా అదే పొరకి జరిగేలా ఒక పేజీ కట్టండి. రెండు రోజుల్లో తల ఒకే కోణంలో ఉండదు కాబట్టి పొరలు కలవవు. అక్కడే మీకు అసలు పని మొదలవుతుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవాల్సింది కూడా ఆ భాగమే.