గద్దలను లెక్క పెట్టడం ఎందుకు?

మాదాపూర్‌లో పనికి పోయే అక్కలూ, ఎప్పుడన్నా తల ఎత్తి ఆకాశం చూశారా? సైబర్ టవర్స్ పైన, దుర్గం చెరువు పైన గద్దలు తిరుగుతుంటాయి. రెక్కలు ఆడించకుండానే గుండ్రంగా తిరుగుతాయి. తోక చివర చీలినట్టు ఉంటే అది మామూలు గద్ద. ఊళ్లో కోడిపిల్లను తన్నుకుపోయేది అదే. తల, రొమ్ము తెల్లగా, ఒళ్లు ఇటుక రంగులో ఉంటే గరుడపక్షి.

"గద్దలకేం, బోలెడున్నాయి. లెక్క పెట్టేదేముంది?" అంటారా? రాబందుల గురించి కూడా ఒకప్పుడు అందరూ అట్లాగే అనుకున్నారు.

రాబందు మీ అమ్మకు, అత్తకు బాగా తెలుసు. గొడ్డు చస్తే ఊరి బయట వేసేవారు. రాబందులు గుంపుగా వాలేవి. కొంచెం సేపట్లో ఎముకలే మిగిలేవి. వాసన ఉండేది కాదు, రోగం ఉండేది కాదు. చూడడానికి అందంగా ఉండదు, నిజమే. కాని సీతమ్మ కోసం రావణుడితో పోరాడిన జటాయువును రాబందనే చెబుతారు. 1980లలో మన దేశంలో రాబందులు కోట్లలో ఉండేవి.

అవి తగ్గుతున్నాయని ఎట్లా తెలిసింది? లెక్క వల్లే తెలిసింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త రాబందుల గూళ్లు లెక్క పెట్టారు. 1980లలో ఒకసారి, 1990లలో మళ్లీ లెక్క పెట్టారు. సగానికి పైగా తగ్గాయి. తర్వాత దేశమంతా లెక్క తీశారు. ముందు ఏ రోడ్ల మీద పోయి లెక్క పెట్టారో, మళ్లీ అవే రోడ్ల మీద పోయారు. 1992లో తెల్ల వీపు రాబందులు వెయ్యి ఉన్నాయనుకోండి. 2007 నాటికి ఒక్కటే మిగిలింది!

కారణం 2004లో బయటపడింది. పశువులకు నొప్పి తగ్గడానికి డైక్లోఫినాక్ సూది వేసేవారు. ఆ పశువు చస్తే మందు మాంసంలో ఉండిపోతుంది. అది తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై చచ్చిపోతుంది. 2006లో ప్రభుత్వం ఈ మందును పశువులకు వాడొద్దని ఆపింది. మెలోక్సికామ్ అనే మందు రాబందులకు హాని చేయదు. మీ బర్రెకు సూది వేసేటప్పుడు పశువుల డాక్టరును ఏ మందని అడగండి.

2013లో ఆసిఫాబాద్ వైపు, బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద రాబందులు కనిపించాయి. హైదరాబాద్ జూలో కూడా రాబందులను పెంచి, పిల్లలు చేయించే కేంద్రం పెట్టారు.

మరి గద్దల లెక్క ఎట్లా? దానికి పెద్ద చదువు అక్కర్లేదు. నెలకొకసారి ఒకే చోట, ఒకే వేళకు అరగంట నిలబడాలి. గద్దలు తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి ఒకదాన్నే రెండుసార్లు లెక్క పెట్టే ప్రమాదం ఉంది. అందుకని ఒక్కసారిగా ఎక్కువలో ఎక్కువ ఎన్ని కనిపించాయో అదే రాయాలి. తేదీ, వేళ, చోటు పక్కనే రాయాలి. 2023లో వచ్చిన దేశపు పక్షుల నివేదిక ఇట్లా దాదాపు 30 వేల మంది రాసిన లెక్కలతోనే తయారైంది. ఒక్క గద్ద కూడా కనపడని రోజున మాత్రం కాగితం ఖాళీగా వదలకూడదు. సున్న అని రాయాలి.