తరగతి గదిలో మాట పెరిగినప్పుడు

గోల్ ఘర్ (శ్రీ విజయపురం): ఉపాధ్యాయులకు, విద్యార్థులకు మధ్య ఘర్షణ తరచుగా చిన్న విషయంతోనే మొదలవుతుంది. చేయని హోంవర్కు, బల్ల కింద దాచిన ఫోను చాలు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని గోల్ ఘర్ వంటి ప్రాంతాల్లో భాష కూడా ఇందుకు తోడుకాగలదు.

2011 జనగణన ప్రకారం అండమాన్, నికోబార్ ద్వీపాల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వీరిలో అధికుల మూలాలు ఉత్తరాంధ్రలో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’ అనే రెండు మెట్లే ఉండగా, హిందీలో ‘తూ’, ‘తుమ్’, ‘ఆప్’ అని మూడు ఉన్నాయి. ఆటస్థలంలో హిందీ నేర్చిన బాలుడు ఉపాధ్యాయుణ్ణి ‘తుమ్’ అంటే అది పొగరు కాకపోవచ్చు. మెల్లగా సవరిస్తే అది భాషాపాఠం. నలుగురిలో నిలదీస్తే పరువు సమస్య. ఉపాధ్యాయుడు ఆప్యాయంగా అనే ‘ఏరా’ కూడా పదిహేనేళ్ల బాలుడికి తోటివారి ఎదుట అవమానంగా తోచవచ్చు.

విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. అయితే ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్లవారికి ఉద్దేశించినది. ఘర్షణలు ముదిరే పై తరగతుల వారికి బాలల న్యాయ చట్టం (2015) 75వ సెక్షన్ రక్షణ ఉంది. తమ సంరక్షణలోని పిల్లలపై క్రూరంగా ప్రవర్తించిన వారికి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

మరి బెత్తం వదిలిన చేతితో ఏం చేయాలి? 2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు, పిల్లల చదువు మెరుగుపడలేదన్న ఆవేదనతో వారి ఎదుట తానే గుంజీలు తీశారు. విద్యామంత్రి నారా లోకేశ్ ఆయనను అభినందించారు. ఆయన చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. కాని అక్కడ దండన పోలేదు, చేతులు మారింది.

అంతకన్నా సాదా మార్గం, చూసేవారిని తప్పించడం. తరగతి అంతా చూస్తుండగా వెనక్కి తగ్గడం ఇద్దరికీ కష్టమే. ‘గంట కొట్టాక మాట్లాడుకుందాం’ అని పాఠం కొనసాగిస్తే ఎవరూ ఓడినట్లు కాదు. తరువాత విడిగా పిలిచి ‘ఎందుకు చేయలేదు?’ అనడానికి, ‘ఏమైంది?’ అనడానికి తేడా ఉంది. మొదటిది సంజాయిషీ అడుగుతుంది. రెండవది సంగతి అడుగుతుంది. తీసుకున్న ఫోను ఎప్పుడు, ఎవరికి తిరిగి ఇస్తారో ముందే ప్రకటిస్తే సగం తగాదాలు పుట్టవు.

తల్లిదండ్రులను గొడవ జరిగాకే పిలవడం మనకు అలవాటు. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ వారితో క్రమం తప్పక సమావేశం కావడాన్ని ఉపాధ్యాయుల విధుల్లో చేర్చింది. ఉపాధ్యాయుల ఫిర్యాదులను పరిష్కరించాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. విద్యార్థి చేతిలో అవమానపడ్డ ఉపాధ్యాయుడు వెళ్లవలసిన చోటు స్టాఫ్ రూం ఒక్కటే కాదు.