మచ్చ మానడానికి గడువు, మరుగుపరచడానికి పద్ధతి

చర్మాన్ని అందంగా మార్చడానికి చేసే చికిత్సల్లో చాలా భాగం ముందుగా ఆ చర్మాన్ని ఎంతో కొంత గాయపరుస్తాయి. మొటిమల గుంటలను సరిచేసే లేజరైనా, పై పొరను ఊడదీసే రసాయన పీల్ అయినా, సన్నని సూదులతో గుచ్చే మైక్రోనీడ్లింగ్ అయినా, కనురెప్పకో ముక్కుకో చేసే శస్త్రచికిత్స అయినా, ఆ గాయాన్ని శరీరం మాన్పుకునే తీరు మీదనే తుది ఫలితం ఆధారపడి ఉంటుంది. అందువల్ల క్లినిక్‌లో వైద్యుడి నేర్పు ఎంత ముఖ్యమో, ఆ తర్వాత ఇంట్లో తీసుకునే జాగ్రత్త కూడా అంతే ముఖ్యం.

గాయమైన తొలి రోజుల్లో అక్కడ వాపు, ఎరుపు కలుగుతాయి. తర్వాత కొన్ని వారాల పాటు, చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు అడ్డదిడ్డంగా పేరుకుంటాయి. చివరి దశలో అవి నెమ్మదిగా సర్దుకుని బలపడతాయి. ఈ సర్దుబాటు ఏడాది వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా సాగుతుంది కనుక, రెండో నెలలో ఎర్రగా, ఉబ్బెత్తుగా ఉన్న గీత పన్నెండో నెలకు పాలిపోయి చదునుగా మారవచ్చు. అయితే పూర్తిగా మానిన మచ్చకు కూడా మామూలు చర్మపు బలంలో సుమారు 80 శాతానికి మించి రాదు, దాని అల్లిక మునుపటి చర్మంలా ఉండదు. కాబట్టి మచ్చను మాయం చేస్తామనే ప్రకటన కన్నా, తగ్గించగలమని చెప్పే వైద్యుడి మాటే నమ్మదగినది.

తెలుగువారిలో ఎక్కువమందికి ఉండే చామనఛాయ చర్మంలో మరో చిక్కు ఉంది. వాపు కలిగిన చోట, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా తయారై, ఎరుపు తగ్గాక గోధుమ రంగు మరక మిగులుతుంది. చర్మవ్యాధి నిపుణులు పోస్ట్ ఇన్‌ఫ్లమేటరీ హైపర్‌పిగ్మెంటేషన్ అని పిలిచే ఈ మరక నిజానికి మచ్చ కాదు; నెలల మీద దానంతటదే తగ్గుతుంది, ఎండ తగిలితే మాత్రం ముదురుతుంది. అందుచేత ఎస్.పి.ఎఫ్. 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్‌ను దండిగా రాసి, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవడం తప్పనిసరి. కంటికి కనిపించే వెలుతురు కూడా ఈ రంగును పెంచగలదు కనుక, ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్ ఇలాంటి చర్మానికి మరింత మేలు చేస్తుంది.

ఉబ్బెత్తు మచ్చల విషయంలో 1980ల నుంచి వాడుకలో ఉన్న సిలికోన్‌ను వైద్యులు ముందుగా సూచిస్తారు. ఇది మచ్చలోని తేమను ఆవిరి కాకుండా నిలిపి, కొలాజెన్ అతిగా పేరుకోకుండా తోడ్పడుతుందని భావిస్తారు. గాయం పూర్తిగా మూసుకున్నాకే జెల్‌ను రోజుకు రెండుసార్లు పలుచని పొరగా రాసి, ఆరనిచ్చి, దానిపైన సన్‌స్క్రీన్ వేసుకోవాలి; పట్టీ రకమైతే రోజుకు కనీసం 12 గంటల చొప్పున రెండు మూడు నెలలు ఉంచుకోవాలి. మచ్చ గాటు హద్దులు దాటి పక్క చర్మంలోకి పాకితే అది కీలాయిడ్. చెవి తమ్మె, ఛాతీ, భుజాల మీద ఎక్కువగా వచ్చే ఈ రకాన్ని కోసి తీసేసినా అది తరచూ మళ్లీ పెరుగుతుంది కనుక, మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇవ్వడం వంటి చికిత్సలు జతచేయవలసి వస్తుంది. గతంలో కీలాయిడ్ వచ్చినవారు ఆ సంగతిని చికిత్సకు ముందే వైద్యుడికి చెప్పాలి.

ఇంటి చిట్కాల్లో కొన్ని హాని చేస్తాయి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి కొత్త నల్లమరకలు రావచ్చు. పక్కును గిల్లి ఊడదీస్తే గాయం లోతై మచ్చ మిగులుతుంది. అన్నిటికన్నా ప్రమాదం, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీములతో ఉంది. మొదట్లో నునుపు తెచ్చినట్టు కనిపించే ఇవి కొన్నాళ్లకు చర్మాన్ని పలుచబరచి, రక్తనాళాలు బయటికి కనిపించేలా చేసి, మొటిమలు తెప్పిస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పలు పూత మందులను వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది.

మచ్చ తగ్గేలోగా దాన్ని మరుగుపరచుకోవడానికి కామోఫ్లాజ్ క్రీములు ఉన్నాయి. అమెరికాకు చెందిన లిడియా ఓలియరీ, తన ముఖం మీది పుట్టుమచ్చను కప్పుకోవడానికి రూపొందించిన క్రీముకు 1932లో పేటెంట్ పొందారు. సాధారణ ఫౌండేషన్ కన్నా ఎక్కువ రంగు పదార్థం ఉండే ఈ క్రీములను పచ్చి గాయం మీద ఎన్నడూ వాడరాదు: తేలికపాటి పీల్ తర్వాత పొలుసు రాలడం ఆగేదాకా, పై పొరను తొలగించే లేజర్ తర్వాత సాధారణంగా వారం పది రోజులదాకా, కుట్లు పడితే అవి తీసి గాటు మూసుకునేదాకా ఆగాలి. తర్వాత ఎరుపు మీద ఆకుపచ్చ, కమిలిన ఊదారంగు మీద పసుపు, బూడిద లేదా గోధుమ మరక మీద నారింజ ఛాయ దిద్దే క్రీమును పలుచగా అద్దాలి. ఎదురు రంగులు ఒకదాన్నొకటి అణచివేస్తాయి. దానిపైన చర్మపు ఛాయకు సరిపోయే క్రీమును రుద్దకుండా వేలి కొసతో తట్టుతూ, అంచులు పక్క చర్మంలో కలిసిపోయేలా పరచి, పౌడరు చల్లి, కొన్ని నిమిషాలు ఆగి, మిగిలినది బ్రష్‌తో దులిపితే చెమటకు తేలిగ్గా చెదరదు. రంగు మరుగుపడుతుంది గాని ఎత్తుపల్లాలు మరుగుపడవు. పక్కనుంచి వెలుతురు పడితే అవి కనిపిస్తూనే ఉంటాయి. రాత్రి పడుకోబోయే ముందు ఈ పూతను మెత్తగా తుడిచి కడిగేసుకోవాలి.

మచ్చను మరుగుపరచుకోవాలనుకోవడం డాబు కాదు, నలుగురిలో నిశ్చింతగా తిరగాలనుకునే మనిషికి అది న్యాయమైన కోరిక. అయితే పెళ్లి ముహూర్తానికి వారం ముందు చికిత్సకు పరుగెత్తడం ఆ కోరికకే చేటు తెస్తుంది. చికిత్సకు అంగీకరించే ముందే తన చర్మపు ఛాయకు అది ఎంతవరకు క్షేమమో, మానడానికి ఎన్నాళ్లు పడుతుందో, ఆ తర్వాత ఏం రాసుకోవచ్చో, ఏం రాసుకోకూడదో అర్హత గల చర్మవ్యాధి నిపుణుడిని అడిగి తెలుసుకోవడం ప్రతి ఒక్కరి హక్కు. ఆ హక్కును మొహమాటం లేకుండా వినియోగించుకోవాలి.