చాకిబండ: రేవు నుంచి పెరటికి

చాకిబండ అంటే గుడ్డలు ఉతికే రాయి. చాకిరేవు, చాకిబాన అనే మాటల్లో ఉన్న 'చాకి' ఇందులోనూ ఉంది. రాయలసీమలో ఈ పేరుతో ఒక ఊరు కూడా ఉంది. తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాల్లో ఇళ్ళ వెనుక, బావి పక్కనో బోరు పక్కనో, ఒక వైపుకు వాలుగా పాతిన రాతిపలక ఇప్పటికీ కనిపిస్తుంది. రాయి దొరకనిచోట సిమెంటు దిమ్మ కట్టి, పైభాగాన గీతలు గీసి ఉంచుతారు. తమిళంలో దీన్ని 'తువైక్కిఱ కల్' అంటారు. తెలుగు మాట్లాడే ఇళ్ళలో దీన్ని ఏమంటారన్నది విద్యార్థులు తమ తమ ఇళ్ళలో విని చెప్పవలసిన సంగతి. ఈ రాయి ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా పనిచేస్తుంది, దానితోపాటు ఏ మాటలు వచ్చాయి, ఏవి రాలేదు అన్నది ఈ వ్యాస విషయం.

ముందుగా ప్రాంతం గురించి రెండు మాటలు. తిరుత్తణి తాలూకా 1960 వరకు చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్ సిఫారసుల మీద 1959లో చేసిన సరిహద్దుల మార్పు చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చి, అది మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాలో కలిసింది. 1997లో ఆ జిల్లాను విభజించినప్పుడు తిరువళ్ళూరు జిల్లా ఏర్పడింది. 2006 నాటి చట్టంతో పాఠశాలల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. అందువల్ల ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామందికి తెలుగు ప్రధానంగా ఇంటి భాష. ఇంటి భాష అంటే వంట, నీళ్ళు, గుడ్డలు, పిల్లల సాకుడు, వీటి భాష. పత్రికా భాష కంటే ఇది తక్కువదని అనుకోవడానికి వీలులేదు. క్రియలు ఎక్కువగా బతికేది ఇక్కడే.

రాయి ఇంటికి రాకముందు రేవులో ఉండేది. ఊరి చాకలి మురికి గుడ్డలను మూటకట్టి గాడిద మీద వేసుకుని చెరువుకో ఏటికో పోయేవాడు. ఏరు ఎండినప్పుడు ఇసుకలో చెలమ తీసుకునేవాడు. కొసస్థలై వంటి ఏళ్ళు సంవత్సరంలో చాలా నెలలు ఇసుకమేటలే కాబట్టి చెలమ ఇక్కడ చిన్న విషయం కాదు. గుడ్డలను చౌడు కలిపిన నీళ్ళలో ముంచి, బాన మీద పేర్చి, కింద మంటపెట్టి ఆవిరి పట్టించేవారు. దీన్నే ఉబ్బకు వేయడం అంటారు. తమిళంలో ఇది 'వెళ్ళావి'. అందులోని 'ఆవి', మన 'ఆవిరి' ఒక కుదురువే. చౌడులో సోడియం కార్బొనేటు ఉంటుంది. ఆ క్షారం వేడితో కలిసి నూనె, చెమట జిడ్డును విడగొడుతుంది. ఆ తరువాతే బండ మీద బాదడం. ఎవరి గుడ్డ ఏదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో గుర్తు పెట్టేవారు. ఆ రసం నూలు మీద పడితే పోదు.

ఈ పనికి కూలి కోతల కాలంలో కళ్ళంలో ఇచ్చే మేర, పూటపూటా ఇంటింటా పెట్టే కూడు. మైలగుడ్డలు, పురుటిగుడ్డలు ఉతకడం కూడా వారి మీదే వేశారు. ఇవన్నీ కులాన్ని బట్టి నెత్తిన పెట్టిన పనులు. వాటిని విడిచి చదువులకు, ఇస్త్రీ దుకాణాలకు, ఉద్యోగాలకు వెళ్ళిన వారిని చూసి రేవు పోయిందని విచారించవలసింది ఏమీ లేదు. అయితే పని మాత్రం మాయం కాలేదు. రేవులో మగవాళ్ళు, ఆడవాళ్ళు కలిసి చేసిన పని ఇంటికి వచ్చి, దాదాపుగా ఇంటి ఆడవాళ్ళ పని అయింది. ఇక్కడొక మాట: 'చాకిరి'కి 'చాకలి'తో సంబంధం ఉందని చాలామంది అనుకుంటారు. లేదు. చాకిరి హిందూస్తానీ 'చాక్రీ' నుంచి, అది పారసీ 'చాకర్' నుంచి వచ్చింది. సేవకుడని అర్థం.

ఇక బండ ఎలా పనిచేస్తుందో చూద్దాం. తడిసిన గుడ్డను మడిచి ఎత్తి కొట్టినప్పుడు, పోగుల మధ్య ఉన్న నీరు ఒక్కసారిగా బయటికి తోసుకువస్తుంది. సబ్బు అప్పటికే పోగు నుంచి వదులు చేసిన మురికిని ఆ నీరు పట్టుకుపోతుంది. అంటే మురికిని తీసేది దెబ్బ కంటే ఎక్కువగా దెబ్బకు కదిలిన నీరు. అందుకే ఆరిపోయిన గుడ్డను ఎంత బాదినా లాభం లేదు. మధ్యమధ్య నీళ్ళు చల్లడం అందుకే. బండ వాలుగా ఉండేది మురికినీరు నిలవకుండా జారడానికి. మరీ నున్నగా ఉంటే గుడ్డ జారుతుంది, మరీ గరుకుగా ఉంటే పోగు తెగుతుంది. హెన్కెల్ సంస్థలో పనిచేసిన హెర్బర్ట్ సిన్నర్ అనే జర్మను రసాయనవేత్త ఉతకడాన్ని నాలుగు అంశాలుగా చెప్పాడు. రసాయనం, వేడి, కాలం, కదలిక. ఒకటి తగ్గితే మిగిలినవి పెరగాలి. రేవులో వేడి ఉంది, చౌడు ఉంది, రోజంతా ఉంది. పెరట్లో వేడి లేదు, కాలం అంతకన్నా లేదు. కాబట్టి సబ్బుపొడి, చేతిబలం ఆ లోటు తీర్చాలి. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చిన తరువాత రసాయనం భాగం పెరిగింది. మామూలు సబ్బు ఉప్పునీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలతో కలిసి తెట్టు కడుతుంది. ఈ పొడులకు ఆ బాధ చాలా తక్కువ. బోరునీళ్ళ ఇళ్ళకు ఇది పెద్ద మేలు.

బాదడం అన్ని గుడ్డలకూ పనికిరాదు. నూలుపోగు తడిస్తే బలం పెరుగుతుంది. పట్టు, రేయాన్ తడిస్తే బలం తగ్గుతాయి, రేయాన్ మరీ ఎక్కువగా. చాకిబండ నూలు కట్టుకున్న కాలపు పనిముట్టు. కంచి పట్టుచీరను బండ మీద వేయకూడదని అవ్వలు చెప్పేది జరీ పోతుందనే కాదు, తడి పట్టు దెబ్బకు ఆగదు. రేయాన్ చీరను గట్టిగా మెలిపెట్టి పిండినా అంతే. పళ్ళిపట్టు, పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం వైపు మగ్గాల మీద నేసే నూలు లుంగీకి మాత్రం ఈ బండ బాగా సరిపోతుంది.

బండకు తోడు బ్రష్షు వచ్చింది. కాలరు, మణికట్టు, చీర కుచ్చెళ్ళ అంచు వంటి చోట్ల మురికి గట్టిగా పట్టి ఉంటుంది. అక్కడ బాదడం కంటే రుద్దడమే మంచిది. గుడ్డను పరిచి, పోగు పోయిన దిక్కుగా రుద్దాలి. ఇంకొక పనిముట్టు పొడవాటి పిడి చివర గంట ఆకారపు గిన్నె ఉన్నది. బకెట్లో పెట్టి కిందికి నొక్కితే నీరు గుడ్డ గుండా తోసుకుపోతుంది, పైకి లాగితే వెనక్కి పీల్చుకుంటుంది. బండ చేసే పనే ఇది రాపిడి లేకుండా చేస్తుంది. పట్టు, రేయాన్‌లకు ఇదే మేలు. నిలబడి చేయవచ్చు కాబట్టి నడుముకూ కొంత సుఖం. అమెరికాలో 1833లో గరుకు లోహపు రేకుతో ఉతుకుడు పలకకు పేటెంటు తీసుకున్నారు. గీతలు గీసిన మన సిమెంటు దిమ్మకు అది దూరపు చుట్టమనవచ్చు.

నడుము సంగతి తేలికగా తీసుకోరాదు. పదిహేను లీటర్ల బకెట్టు అంటే పదిహేను కిలోలు. నూలుచీర నీళ్ళు పీల్చుకుంటే పొడి బరువుకు రెండు మూడింతలు అవుతుంది. దాన్ని భుజం ఎత్తుకు లేపి కొట్టడం, రెండుసార్లు జాడించడం, పిండడం, ఆరవేయడం, అన్నీ ఎలక్ట్రిక్ రైలుకు పోయేవాళ్ళు ఇల్లు కదలకముందే కావాలి. తమిళనాడు ప్రభుత్వం 2011లో ఉచితంగా మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఇచ్చే పథకం పెట్టింది. రోలు పని ఆ విధంగా తగ్గింది. బండకు మాత్రం పెన్షను రాలేదు. 2021 ఎన్నికల్లో అన్నాడీఎంకే వాషింగ్ మెషీను ఇస్తామని వాగ్దానం చేసింది కాని ఆ ఎన్నికల్లో గెలవలేదు.

ఇక మాటలు. 'పిండు' అన్న క్రియను తీసుకోండి. తమిళంలో 'పిళి'. 'తమిళ్' అనే మాట చివర వినిపించే ధ్వని ఇందులో ఉంది. ఆ ధ్వనికి తెలుగులో చాలాచోట్ల డకారం వస్తుంది. కోళి–కోడి, ఏళు–ఏడు. 'పిళి–పిండు' కూడా ఆ వరుసలోనిదే. 'ఆరు' మరింత ఆసక్తికరం. పూర్వం దీన్ని 'ఆఱు' అని రాసేవారు. దీపం ఆరింది, పుండు ఆరింది, గుడ్డలు ఆరాయి. తమిళంలో పుండు ఆరుతుంది, కాఫీ ఆరుతుంది, గుడ్డలు మాత్రం ఆరవు, 'కాయు'తాయి. మనకు కాఫీ చల్లారుతుంది. ఆ 'చల్లారు'లో పాత 'ఆఱు' దాగి ఉంది. అలాగే తమిళ 'కాయ్' మనకు పరాయిది కాదు. ఎండ కాస్తుంది, చలి కాచుకుంటాం. రెండు భాషలూ ఒకే సంచిలోని మాటలను వేర్వేరు పనులకు వాడుకున్నాయి. కనుక ఇక్కడి తెలుగు పిల్ల 'గుడ్డలు కాయేసినాను' అంటే తప్పు పట్టే ముందు కొంచెం ఆగాలి.

'చలువ' సంగతి వేరు. రేవులో తెల్లగా ఉతికి మడిచిన గుడ్డ చలువగుడ్డ. తమిళంలో 'సలవై' అంటే ఉతుకు. పాలరాయి మనకు చలువరాయి, వారికి 'సలవైక్కల్'. తెలుగులో ఈ మాటకు చల్లదనం అనే అర్థం కూడా ఉంది, తమిళ 'సలవై'కి అది లేదు. అందుచేత ఇది తెలుగు నుంచి తమిళంలోకి వెళ్ళి ఉంటుందని నాకు అనిపిస్తుంది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వారి నూలుగుడ్డలను ఉతికి చలువచేసే వారి పేట నేటికీ వణ్ణారప్పేట్టై అనే పేరుతోనే ఉంది.

రేవు నుంచి పెరటికి ఉతుకు, పిండు, జాడించు, ఆరవేయు, గంజి, నీలిమందు వచ్చాయి. ఉబ్బ, చౌడు, చాకిబాన, నల్లజీడి గుర్తు దారిలో నిలిచిపోయాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశాల్లో మొదటిది వ్యవసాయం మీద 1962లో, రెండవది చేనేత మీద 1971లో వచ్చాయి. ఇంట్లో గుడ్డలు ఉతకడం ఎవరి వృత్తీ కాదు. కాబట్టి ఈ పదాల కోసం ఎవరో వస్తారని ఎదురుచూడక విద్యార్థులే పూనుకోవాలి. ఉతుకుతున్న మనిషిని ఆపి అడగవద్దు, పక్కన నీళ్ళు తోడి ఇస్తూ వినండి. సబ్బు పెట్టి పక్కన ఉంచడాన్ని ఏమంటారు? మొదటి జాడింపుకూ రెండవదానికీ వేరు పేర్లున్నాయా? రంగు దిగే గుడ్డను, నీరు తాగి బిగుసుకున్న గుడ్డను ఏమంటారు? బండ కింది నుంచి పోయే సబ్బునీళ్ళ కాలువ పేరేమిటి? చెప్పినవారి వయసు, పుట్టిన ఊరు, మెట్టిన ఊరు పక్కనే రాసుకోండి. మెట్టిన ఊరు మరిచిపోవద్దు, పుత్తూరు నుంచి తిరుత్తణికి కోడలిగా వచ్చినామె మాట, తిరుత్తణిలోనే పుట్టి పెరిగినామె మాట ఒకటి కాకపోవచ్చు.